ముఖం మీది గీతలకు ఫిల్లర్లు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో చర్మవ్యాధుల క్లినిక్ నడుపుతున్నాను. ఒకప్పుడు మొటిమలు, మంగు, తామర, జుట్టు రాలడం, వీటికే జనం వచ్చేవాళ్లు. ఇప్పుడు జనగామ, నర్సంపేట, పరకాల నుంచి కూడా వచ్చి, ఫోన్‌లో రీల్ చూపించి "మేడమ్, నాకు గిట్లనే గావాలె" అంటున్నారు. అందులో తప్పేమీ లేదు. ముఖం మీద గీతలు కనిపిస్తే తగ్గించుకోవాలనుకోవడం సోకేం కాదు. కాకపోతే ఏ కంపెనీ మందు, ఎన్ని ఎంఎల్, ఎంత డిస్కౌంట్ అన్నవన్నీ ఇంటి దగ్గరే తేల్చుకుని వస్తున్నారు. సూది ఎవరు వేస్తారని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. నన్నడిగితే మొదట అడగాల్సిందే అది.

అపోహ: బొటాక్స్ అన్నా ఫిల్లర్ అన్నా ఒకటే.

వాస్తవం: రెండూ సూదులే, పని మాత్రం వేరు. బొటాక్స్ కండరాన్ని కొన్నాళ్లు వదులు చేస్తుంది. కోపంగా చూసినప్పుడు కనుబొమ్మల మధ్య పడే నిలువు గీతలు, నుదుటి మీది అడ్డగీతలు, నవ్వితే కంటి చివర పడే గీతలు దాని పరిధిలోవి. మూడు నాలుగు రోజులకు పని మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలుంటుంది. ఫిల్లర్ అనేది జెల్, ఎక్కువగా హైలురోనిక్ యాసిడ్ అనే పదార్థంతో చేసింది. వయసుతో పాటు కొవ్వు, ఎముక తగ్గి లోతు పడ్డచోట నింపడానికి వాడతాం.

మీకు ఏది అవసరమో అద్దం ముందే సగం తెలిసిపోతుంది. నా దగ్గర పేషెంట్‌ను పడుకోబెట్టను. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, చేతికి అద్దమిచ్చి, "ముఖం మామూలుగా పెట్టండి, ఇప్పుడు చిరాకు పడండి, ఇప్పుడు నవ్వండి" అంటాను. ముఖం కదిలినప్పుడే కనిపించి, వదిలేయగానే పోయే గీతకు ఫిల్లర్ అక్కరలేదు. కదలకపోయినా అలాగే ఉండే గీత గురించి మాత్రం కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ పరీక్ష చేయకుండానే రేటు చెప్పేచోట నుంచి లేచి వచ్చేయండి.

ఎండ వల్ల చెంపల నిండా వలలా పడే సన్నని గీతలు మళ్లీ వేరు. పత్తి చేనులో, మిర్చి కల్లంలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో అవి ఎక్కువ చూస్తాం. వాటికి ఫిల్లర్ పోస్తే ముఖం ఉబ్బుతుంది తప్ప గీతలు పోవు. సన్‌స్క్రీన్, రాత్రి పూసే ట్రెటినాయిన్ క్రీమ్, అవసరమైతే లేజర్, ఇదీ వాటి దారి.

అపోహ: గీత ఎక్కడుంటే మందు అక్కడే పోయాలి. ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిది.

వాస్తవం: ముక్కు పక్క నుంచి నోటి మూల దాకా దిగే గీతనే చూడండి. చాలామందిలో అది అక్కడ పుట్టిన గీత కాదు, పైన చెంప కొవ్వు తగ్గి కిందికి జారడం వల్ల లోతైంది. చెంప దగ్గర కొంచెం ఆసరా ఇస్తే కింది గీత దానంతటదే పలచబడుతుంది. గీతలోనే సిరంజి మీద సిరంజి నింపితే నోటి పైభాగం బరువెక్కి, నవ్వు వింతగా మారుతుంది. ఒక ఎంఎల్ అంటే టీస్పూన్‌లో అయిదో వంతు. "ఒక్క సిరంజితో పదేళ్లు తగ్గిపోతారు" అనే మాటను ఈ లెక్కతో చూసుకోండి. గీత తేలికపడటమే మంచి ఫలితం. పూర్తిగా చెరిపేస్తామంటే నమ్మకండి.

అపోహ: హైలురోనిక్ యాసిడ్ మన ఒంట్లో ఉండేదే కదా, ఎవరు వేసినా ప్రమాదం లేదు. నచ్చకపోతే కరిగించుకోవచ్చు.

వాస్తవం: అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. హైలురోనిక్ యాసిడ్ మన చర్మంలో, కీళ్లలో, కంటిలో ఉన్న మాట నిజం. దాన్ని కరిగించే హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్ ఉన్నదీ నిజమే. కానీ జెల్ చర్మం కింద పడాల్సింది రక్తనాళంలోకి పోతే, అది ఒంట్లో ఉండే పదార్థమా కాదా అన్నది లెక్కలోకి రాదు. నాళం మూసుకుపోతుంది. ఆ నాళం రక్తం అందించే చర్మం చచ్చిపోతుంది.

ముఖంలో ధమనులు పైపైనే తిరుగుతుంటాయి. దవడ అంచు దగ్గర పైకెక్కిన ముఖ ధమని నోటి మూల, ముక్కు పక్క మీదుగా కంటి లోపలి మూల దాకా పోతుంది. అక్కడ దాని కొమ్మలు కంటికి రక్తమిచ్చే ధమని కొమ్మలతో కలుస్తాయి. కనుబొమ్మల మధ్య, ముక్కు మీద, నుదుటి మీద వేసే ఫిల్లర్‌కు మేమంతా భయపడేది ఇందుకే. ఒత్తిడితో పోయిన జెల్ వెనక్కి నడిచి కంటి ధమనిలో చేరితే చూపు పోతుంది. ఇది చాలా అరుదు. కానీ జరిగితే చూపు తిరిగి రావడం అంతకన్నా అరుదు.

కాబట్టి సూది పట్టుకున్న మనిషికి ఏ లోతులో ఏ నాళం ఉందో తెలియాలి, చర్మం పాలిపోతే సెకన్లలో గుర్తుపట్టాలి, కరిగించే మందు అదే గదిలో, అదే ఫ్రిజ్‌లో ఉండాలి. "అవసరమైతే హైదరాబాద్ నుంచి తెప్పిస్తం" అన్నారంటే అక్కడ మందు లేదని అర్థం. క్లినిక్‌కు పోయినప్పుడు మొహమాటపడకుండా అడగండి: "హైలురోనిడేజ్ ఉందా మేడమ్? ఒకసారి చూపిస్తారా?" నన్ను అడిగినవాళ్లకు ఫ్రిజ్ తలుపు తీసి చూపిస్తాను. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు.

అపోహ: గోడ మీద సర్టిఫికెట్లు, తెల్లకోటు ఉంటే డాక్టరే.

వాస్తవం: గోడ మీద సర్టిఫికెట్లు ఉండగానే సరిపోదు, ఏం సర్టిఫికెట్లో చదవండి. చర్మ వైద్యంలో ఎండీ, డీడీవీఎల్ లేదా డీఎన్‌బీ, లేదంటే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ కోసం చూడండి. వారాంతపు కోర్సు చేసి తెచ్చుకున్న "కాస్మెటాలజీ డిప్లొమా" వీటికి సమానం కాదు. యూట్యూబ్‌లోనో వర్క్‌షాప్‌లోనో చూసి నేర్చుకున్నంత మాత్రాన సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడానికి సరిపోదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టంగా చెప్పింది.

చూడటం కష్టమేం కాదు. బోర్డు మీద, మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. తెలంగాణ వైద్య మండలి వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టండి. ఎంబీబీఎస్‌తో ఆగకుండా పీజీ డిగ్రీ కూడా నమోదై ఉందో లేదో చూడండి. ఆ తర్వాత ఇంకొకటి తేల్చుకోవాలి: బోర్డు మీద పేరున్న డాక్టరే సూది వేస్తారా? పెద్ద పేరు బయట బోర్డు మీద, సూది లోపల ఇంకొకరి చేతిలో ఉండటం మన ఊళ్లోనూ చూస్తున్నాం. బ్యూటీ పార్లర్‌లో మాత్రం ఏ మందూ, ఎంత తక్కువకు ఇచ్చినా, సూదితో వేయించుకోవద్దు. "మా అక్కకు బాగనే అయింది" అనేది అక్క అదృష్టం.

సూది లేని "హైలూరాన్ పెన్" గురించి కూడా అడుగుతుంటారు. గాలి ఒత్తిడితో మందును చర్మంలోకి కొట్టే పరికరమది. ఎంత లోతుకు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే దాన్ని వాడొద్దని హెచ్చరించింది. ఇంతకన్నా చెప్పడానికి అందులో ఏమీ లేదు.

అపోహ: సిరంజిలో సగం మిగిలితే దాచి మళ్లీ వేస్తారు, లేదా ఇద్దరు పంచుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: ఒక సిరంజి ఒక మనిషికే. అక్కాచెల్లెళ్లయినా, తల్లీకూతుళ్లయినా సరే. అమెరికాలో న్యూ మెక్సికోలోని లైసెన్సు లేని స్పాలో సూదులతో ఫేషియల్ చేయించుకున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకిన సంగతిని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో బయటపెట్టింది. సీలు వేసిన డబ్బాను మీ కళ్లముందే విప్పాలి. కంపెనీ పేరు, గడువు తేదీ, దిగుమతి చేసినవాళ్ల చిరునామా, ఎంఆర్‌పీ చదవండి. డబ్బాలో లాట్ నంబర్ స్టిక్కర్లుంటాయి. ఒకటి ఫైల్‌లో అంటించి, ఒకటి మీకివ్వమనండి. రేపు ఇంకో డాక్టర్ దగ్గరికి పోవాల్సివస్తే, లోపల ఉన్నదేమిటో చెప్పేది ఆ స్టిక్కరే. ఆన్‌లైన్‌లో తెప్పించి "మీరు వేయండి చాలు" అని తెచ్చేవాళ్లను నేను వెనక్కి పంపేస్తాను.

అపోహ: ఎప్పటికీ ఉండే ఫిల్లర్ అయితే డబ్బు ఆదా.

వాస్తవం: ముఖం మారుతూ ఉంటుంది, శాశ్వత ఫిల్లర్ మారదు. ముప్పై అయిదేళ్లప్పుడు సరిగ్గా కుదిరింది యాభై అయిదుకు గడ్డలా తేలవచ్చు. కరిగించే మందు హైలురోనిక్ యాసిడ్‌కే ఉంది, దీనికి లేదు. కోసి తీయాల్సిందే. ద్రవ సిలికాన్ పేరెత్తితే అక్కడే ఆపండి. మొదటిసారి వేయించుకునేవాళ్లకు హైలురోనిక్ యాసిడ్ తప్ప ఇంకోటి నేను చెప్పను. మందును బట్టి, వేసిన చోటును బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. అది కరిగిపోయాక ముఖం ముందుకన్నా జారిపోతుందన్న భయం అక్కరలేదు. మళ్లీ మొదటి ముఖానికే వస్తారు.

అపోహ: పెళ్లికి రెండు రోజుల ముందు వేయించుకుంటే తాజాగా కనిపిస్తాం.

వాస్తవం: శ్రావణంలో, మాఘంలో ముహూర్తాలు పడగానే ఈ టెన్షన్ మొదలవుతుంది. వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. చిన్న సవరణలకూ సమయం కావాలి. కనీసం నెల ముందు రండి. వేయించుకున్నాక ఒకటి రెండు రోజులు ఎండలో తిరగడం, జిమ్, ముఖం మర్దన మానేయాలి.

ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పండి. కమిలిపోతుందని భయపడి వాటిని మీకు మీరే ఆపొద్దు. గుండె డాక్టర్‌ను అడగకుండా అందం కోసం గుండె మాత్ర ఆపడం అన్యాయం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు నేను వేయను. పన్ను పీకించుకోవాలనుంటే ముందు ఆ పని చూసుకుని, రెండు వారాలాగి రండి.

అపోహ: వేశాక నొప్పి, రంగు మారడం మామూలే. రెండు రోజులు చూద్దాం.

వాస్తవం: కొంచెం వాపు, ముట్టుకుంటే నొప్పి మామూలే. కానీ చర్మం తెల్లగా పాలిపోవడం, తర్వాత వంకాయ రంగులో వల గీసినట్టు మచ్చలు రావడం, వేలితో నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రాకపోవడం, గంటగంటకూ పెరిగే నొప్పి, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే వేసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఐస్ పెట్టకండి, గోరువెచ్చని గుడ్డ పెట్టుకోవచ్చు. హైలురోనిడేజ్ గంటల్లో పడాలి. రెండో రోజుకు పొక్కులొచ్చి, ఆ తర్వాత చర్మం నల్లబడితే మచ్చ మిగిలిపోతుంది. డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే ఎదురుచూడకుండా స్టిక్కర్ చేతపట్టుకుని ఇంకో చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికో పోండి. ఎవరు వేశారో చెప్పడానికి సిగ్గుపడొద్దు, పార్లర్‌లో వేయించుకున్నా సరే చెప్పండి. మేం తిట్టడానికి కూర్చోలేదు.

చూపు మసకబారినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, కంట్లో విపరీతమైన నొప్పి వచ్చినా గంటా గంటన్నర లోపే చికిత్స అందాలి. అందుకే వేయించుకున్న రోజు వరంగల్ దాటి దూరం పోకండి, తోడు ఒకరిని తెచ్చుకోండి. డాక్టర్ సొంత నంబర్ చేతికందాకే బిల్లు కట్టండి.