మ్యాక్ అడ్రస్ చూసి కంపెనీ పేరు చెప్పడం: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో చిన్న అకౌంటింగ్ ఆఫీసు నడిపే ఒకాయన మొన్న పొద్దున్నే ఫోన్ చేశారు. "అన్నా, మన వైఫైలో ఎవరో దూరారు. హాన్ హాయ్ అని ఏదో పేరు చూపిస్తోంది. రాత్రి నుంచి ఒకటే టెన్షన్." నేను వెళ్లేసరికే టీ తెచ్చే అబ్బాయిని నిలబెట్టి, పాస్‌వర్డ్ ఎవరికిచ్చావని నలుగురి ముందు నిలదీశారు. తీరా చూస్తే ఆ హాన్ హాయ్ ఆయన టేబుల్ మీదున్న పాత ల్యాప్‌టాపే.

సిటీలో ఆఫీసులకు, హాస్టళ్లకు, అపార్ట్‌మెంట్లకు నెట్‌వర్కులు వేయడం నా పని. స్క్రీన్ మీద ఒక పేరు చూసి మనిషిని అనుమానించడం ఇదివరకూ చూశాను. ఆ అబ్బాయి ముఖం చూశాక మాత్రం ఇది రాయాల్సిందే అనిపించింది.

అపోహ: వైఫై యాప్‌లో కనిపించేది ఆ పరికరం బ్రాండ్ పేరు.

వాస్తవం: నెట్‌వర్క్‌లో కలిసే ప్రతి పరికరంలోనూ గుర్తింపు కోసం ఒక నంబరు ఉంటుంది, అదే మ్యాక్ అడ్రస్. ఆ నంబరు ఎవరి పేరున రిజిస్టరై ఉందో, ఆ పేరు అది. మ్యాక్ అడ్రస్‌లో 48 బిట్లుంటాయి. వాటిని అంకెలు, అక్షరాలు కలిపి మొత్తం పన్నెండు గుర్తులుగా రాస్తాం. మొదటి ఆరు గుర్తులను సాంకేతిక ప్రమాణాలు పెట్టే ఐఈఈఈ సంస్థ ఫీజు తీసుకుని కంపెనీలకు కేటాయిస్తుంది. మిగతా ఆరింటిని కంపెనీ తన సరుకుకు తనే వేసుకుంటుంది. అలా ఒక్కో బ్లాకులో 1,67,77,216 నంబర్లు వస్తాయి. సిస్కో, యాపిల్, శాంసంగ్ లాంటి పెద్ద కంపెనీల దగ్గర ఇలాంటి బ్లాకులు వందల్లో ఉన్నాయి.

అయితే నంబరు ఉండేది నెట్‌వర్క్ కార్డుకి. ఆ కార్డు ఎవరు చేశారో, దాన్ని బిగించిన ల్యాప్‌టాప్ ఎవరిదో వేరువేరు సంగతులు. హాన్ హాయ్ అంటే మనం ఫాక్స్‌కాన్ అని పిలిచే తైవాన్ కంపెనీయే. ఎన్నో బ్రాండ్లకు సరుకు తయారుచేసి ఇస్తుంది. ఒకే ల్యాప్‌టాప్ కేబుల్ పెడితే డెల్ అని, వైఫైలో కలిపితే ఇంటెల్ అని కనిపించవచ్చు. రెండు కార్డులున్నాయి కాబట్టి రెండు నంబర్లు. ఎస్ప్రెస్సిఫ్ అనే పేరు చూసి భయపడేవాళ్లు ఇంకా ఎక్కువ. అది షాంఘైలోని చిప్పుల కంపెనీ. ఆ చిప్పులు స్మార్ట్ బల్బుల్లో, ప్లగ్గుల్లో ఉంటాయి, డబ్బా మీద మాత్రం ఇంకెవరి పేరో ఉంటుంది. ఆ పేరు కనిపిస్తే ముందు ఇంట్లో బల్బులు లెక్కపెట్టండి.

ఒక్కోసారి కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఐఈఈఈ పేరే వస్తుంది. చిన్న కంపెనీలకు అంత పెద్ద బ్లాకు అక్కర్లేదు. అందుకే ఒక బ్లాకును ముక్కలు చేసి ఇస్తారు: ఒక రకంలో 10,48,576 నంబర్లు, ఇంకో రకంలో 4,096. అసలు పేరు తెలియాలంటే మొదటి ఏడు గుర్తులు గానీ, తొమ్మిది గుర్తులు గానీ చూడాలి. ఆరింటితోనే ఆగిపోయే యాప్‌కి పై పేరు తప్ప ఏమీ దొరకదు. ఫీజు కట్టి జాబితాలో తమ పేరు కనపడకుండా పెట్టుకునే కంపెనీలూ ఉన్నాయి.

అపోహ: ఏ పేరూ రాలేదంటే అది దొంగ పరికరమే.

వాస్తవం: నా అనుభవంలో అది ఎక్కువగా మన ఫోనే. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ నంబరు చెప్పడం మానేశాయి. ఒక్కో వైఫైకి ఒక్కో నంబరు అప్పటికప్పుడు తయారుచేసుకుంటాయి. మాల్‌లో, ఎయిర్‌పోర్ట్‌లో మనల్ని ఒకే నంబరుతో వెంటాడకుండా ఇది మంచి ఏర్పాటే. అలాంటి నంబరు ఏ కంపెనీ జాబితాలోనూ ఉండదు.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. మ్యాక్ అడ్రస్‌లో ఎడమ నుంచి రెండో గుర్తు చూడండి. అది 2, 6, A, E అనే నాలుగింటిలో ఏదైనా అయితే అది స్థానికంగా పెట్టుకున్న నంబరు. ఇక దాన్ని కంపెనీల జాబితాలో వెతకడం వృథా. కొన్ని రౌటర్లు గెస్ట్ వైఫైకి వేసుకునే నంబర్లు కూడా ఇలాగే ఉంటాయి, కాబట్టి మీ రౌటర్‌నే మీరు అనుమానించకండి.

ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్లో మనిషికి ఒక పరికరమని మ్యాక్ అడ్రస్‌తో లాక్ పెట్టించుకున్నారు. ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేసుకున్న పిల్లలకు నంబరు మారిపోయి నెట్ ఆగిపోయేది. వార్డెన్ గారేమో రెండో ఫోన్ తెచ్చారని అనుకునేవారు. అక్కడ నేను లాక్ తీసేసి, ఎవరి లాగిన్ వాళ్లకు పెట్టాను.

అపోహ: నంబరు కంపెనీ వేసింది కాబట్టి మారదు, మ్యాక్ ఫిల్టర్ (జాబితాలోని నంబర్లనే వైఫైలోకి రానిచ్చే రౌటర్ సెట్టింగ్) పెడితే చాలు.

వాస్తవం: సాఫ్ట్‌వేర్‌తో నిమిషంలో మార్చుకోవచ్చు. పైగా వైఫైలో పాస్‌వర్డ్ ఉన్నా మ్యాక్ అడ్రస్ మాత్రం గాలిలో బాహాటంగానే వెళుతుంది. విని కాపీ కొట్టేవాడికి ఫిల్టర్ అడ్డే కాదు. ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు, అంటే వర్చువల్ మెషీన్లదీ ఇదే కథ, వాటి నంబరు వేసేది సాఫ్ట్‌వేరే. 00:50:56తో మొదలైతే వీఎంవేర్, 08:00:27 అయితే వర్చువల్‌బాక్స్ అనుకోవచ్చు. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ క్యూఈఎంయూ వాడే 52:54:00లో రెండో గుర్తు 2, అంటే అది ఎవరికీ కేటాయించింది కాదు. అమీర్‌పేట కోచింగ్ ల్యాబుల్లో ఒకే కంప్యూటర్ నాలుగు పరికరాలుగా కనిపించేది అందుకే.

అపోహ: వెబ్‌సైట్ల వాళ్లకు మన మ్యాక్ అడ్రస్ తెలిసిపోతుంది.

వాస్తవం: అది మొదటి రౌటర్ దాటి వెళ్లదు. పాత పద్ధతిలో తయారైన ఐపీవీ6 అడ్రస్‌లో (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాలో) మాత్రం అది దాగి ఉండేది. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు ఆ పద్ధతి వాడటం చాలావరకు మానేశాయి.

మరి తెలియని పేరు కనిపిస్తే నేనేం చేస్తాను? ముందు రెండో గుర్తు చూస్తాను. తర్వాత రౌటర్‌లో కనెక్టయిన పరికరాల జాబితా తెరిచి, పక్కన పరికరం పేరు ఏమైనా ఉందా చూస్తాను. కేబుల్ మీద ఉంటే, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో ఏ పోర్టో చూసి ఆ వైరు పట్టుకుని వెళతాను. వైఫై మీద ఉంటే ఒక్కో పరికరాన్ని ఆపుతూ జాబితాలోంచి ఏది పోతోందో చూస్తాను. ఇదే అసలు రుజువు. అన్నీ ఆపినా అది ఇంకా ఉంటే, అప్పుడు పాస్‌వర్డ్ మారుస్తాను.

ఆ అకౌంటింగ్ ఆఫీసులో నేనూ ఆయనా కూర్చుని ఇలాగే ఒక్కొక్కటి ఆపి, పేరు, నంబరు, టేబుల్ కాగితం మీద రాశాం. ల్యాప్‌టాప్ ఆపగానే హాన్ హాయ్ పోయింది. ఆయన లేచి బయటికెళ్లి ఆ అబ్బాయిని పిలిచి, "తమ్ముడూ, తప్పు నాదే" అన్నారు. ఆ కాగితం ఇప్పుడు రౌటర్ పక్కన గోడకి అంటించి ఉంది.