ఇది వాయువా, డ్రై ఐసా?

పిల్లలూ,

నిజ వాయువు, అంటే అణువులు చోటు ఆక్రమించి ఒకదాన్నొకటి లాగుకునే అసలు వాయువు, ఉష్ణోగ్రత లెక్క అంటేనే టెన్షన్‌గా ఉందని మొన్న ఫోన్లో అన్నారుగా. నన్నడిగితే ఆ చాప్టర్లో అన్నిటికన్నా తేలిక అదే. ఘనపరిమాణం కనుక్కోమంటే ఘన సమీకరణంతో కుస్తీ పట్టాలి, ఉష్ణోగ్రతకైతే ఒక గుణకారం, ఒక భాగహారం, అంతే.

లీటరు సీసాలో ఒక మోల్, అంటే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంది, పీడనం 20 బార్లు అనుకోండి. అణువులు చోటు ఆక్రమించవు, ఒకదాన్నొకటి లాగవు అనుకునే ఆదర్శ వాయువు సూత్రంతో, పీడనం 20ని ఘనపరిమాణం ఒకటితో గుణించి వాయు స్థిరాంకం 0.08314తో భాగిస్తే 240.6 కెల్విన్, అంటే దాదాపు మైనస్ 33 డిగ్రీల సెల్సియస్. గుణకారాల్లో తప్పేం లేదు, కానీ 20 బార్ల దగ్గర ఈ వాయువు సుమారు మైనస్ 20కే ద్రవంగా మారిపోతుంది కదా, మైనస్ 33లో ఇంకా వాయువుగా ఎలా ఉంటుంది?

దీనికి మందు 1873లో వాండర్ వాల్స్ కనిపెట్టాడు. డచ్చివాడు, వడ్రంగి కొడుకు, బడిపంతులుగా చేస్తూనే పై చదువులు చదివాడు. 1910లో నోబెల్ వచ్చింది.

గోడని గుద్దబోయే అణువుని వెనకున్నవి చొక్కా పట్టుకుని లాగుతుంటాయి, అందుకే పీడనం మీటరు తక్కువ చూపిస్తుంది, ఆ తగ్గినదాన్ని, అంటే 'ఎ'ని ఘనపరిమాణం వర్గంతో భాగించినదాన్ని, మనం పీడనానికి కలపాలి. సీసా కిక్కిరిసేకొద్దీ గుద్దేవీ పెరుగుతాయి, లాగేవీ పెరుగుతాయి, అక్కడ వర్గం వచ్చింది అందుకే. ఇక గదిలో బియ్యం బస్తాలు వేస్తే మనం తిరిగే చోటు తగ్గుతుందే, అలా అణువులు ఆక్రమించిన చోటుని, అంటే 'బి'ని, ఘనపరిమాణంలోంచి తీసెయ్యాలి.

కార్బన్ డయాక్సైడ్‌కి బార్, లీటరు లెక్కలో 'ఎ' 3.64, 'బి' 0.0427. మన సీసా ఒక్క లీటరే కాబట్టి దాని వర్గమూ ఒకటే. 20కి 3.64 కలిపితే 23.64, ఒకటిలోంచి 0.0427 తీస్తే 0.9573. రెండూ గుణించి 0.08314తో భాగిస్తే 272 కెల్విన్, అంటే సున్నాకి ఒక్క డిగ్రీ కింద. నిజంగా కొలిస్తే ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుందనుకోండి, వాండర్ వాల్స్ సూత్రమూ ఉజ్జాయింపే.

ఇంటర్లో నేను 'ఎ'ని కలపాల్సిన చోట తీసేసి 188 కెల్విన్ తెచ్చాను. మా మాస్టారు ఎర్ర ఇంకుతో "ఇది వాయువా, డ్రై ఐసా?" అని రాసిచ్చారు, డ్రై ఐసంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే మరి.

నైట్రోజన్‌కి 'ఎ' 1.37, 'బి' 0.0387. అదే సీసా, అవే 20 బార్లు. ఆదర్శ వాయువు జవాబుతో తేడా ఆరు డిగ్రీలు దాటాలి, ఏడు దాటకూడదు. అలా రాకపోతే ఆదివారం ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య