పాత పోస్టాఫీసు దాకా మెట్రో వస్తుంది, మరి కొట్ల సంగతి?

విశాఖ మెట్రో ప్రణాళికలో రెండో కారిడార్ గురుద్వారా దగ్గర మొదలై పాత పోస్టాఫీసు దగ్గర ఆగుతుంది. ఐదు కిలోమీటర్ల చిల్లర. స్టేషన్ వస్తే అద్దెలు పెరుగుతాయి, అది చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. పెరిగిన అద్దె కట్టి పాత పోస్టాఫీసు చుట్టూ ఉన్న పాతనగరం వన్‌టౌన్‌లో ఎవరు మిగులుతారన్నదే అసలు ప్రశ్న.

ఒకప్పుడు విశాఖపట్నం అంటే ఇదే. 17వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టుకున్నది ఇక్కడే. కోటవీధి, సోల్జర్‌పేట అన్న పేర్లు తెల్లవాళ్ల కాలానివే. టౌన్‌హాలు, కురుపాం మార్కెట్, క్వీన్ మేరీ స్కూలు అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉంటాయి. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) 1923లో వచ్చింది, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు మెట్ట మీద స్థిరపడింది. ఊరు మెల్లగా ఉత్తరానికి జరగడం మొదలైంది.

1933లో పోర్టు తెరిచారు. రాయ్‌పూర్ రైలు మార్గం అప్పటికే సిద్ధంగా ఉంది. దాంతో వన్‌టౌన్ వర్తకానికి దశ తిరిగి ఉండాలి. కొంతకాలం తిరిగింది కూడా. కానీ 1970ల్లో ఔటర్ హార్బర్ వచ్చి ఇనుప ఖనిజం, బొగ్గు భారీగా కదలడం మొదలయ్యాక ఆ దుమ్ము పక్కనే ఉన్న పాత పేటల ఇళ్లలోకి చేరింది. పొద్దున తుడిచిన గచ్చు సాయంత్రానికి నల్లగా ఉండేది. స్తోమత ఉన్న కుటుంబాలు సీతమ్మధారకో ఎంవీపీ కాలనీకో వెళ్లిపోయాయి. వాళ్ల కొనుగోళ్లూ జగదాంబ, డాబాగార్డెన్స్, ద్వారకానగర్‌లకు మళ్లాయి. వన్‌టౌన్‌కి హోల్‌సేల్, పూజా సామగ్రి, ఇత్తడి, బంగారం మిగిలాయి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే జనం వల్ల ఆ నెల బేరాలు వేరుగా ఉంటాయి.

ఆ అమ్మవారి గురించి ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. వందేళ్ల కిందట రోడ్డు వెడల్పు కోసం విగ్రహాన్ని పక్కకి జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందట, మళ్లీ యథాస్థానంలో పెట్టాక తగ్గిందట. నమ్మకం మాట అటుంచితే, వెడల్పు గొడవ ఇక్కడ ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

దుమ్ము ఒక కారణమైతే, చట్టం ఇంకొకటి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం దశాబ్దాల పాటు పాత అద్దెదారును కాపాడింది. అది మంచిదే. కానీ తాతల నాటి అద్దె వస్తున్న మేడకి సున్నం వేయించే యజమాని ఎక్కడుంటాడు? మునిసిపల్ షాపుల్లో దీనికి పూర్తిగా ఎదురు లెక్క. లీజు రెన్యువల్‌కి మూడేళ్లకోసారి అద్దె మూడో వంతు పెరుగుతుంది, బేరం పెరిగినా పెరగకపోయినా. 2021 నుంచి ఆస్తిపన్ను కూడా అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం ఖరీదు మీద వేస్తున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి ఉన్నా, తక్కువ అద్దె వచ్చే పాత కట్టడానికి ఖరీదైన స్థలం బరువైంది.

మరి ప్రోత్సాహకాలు లేవా అంటే, ఉన్నాయి. చిన్న వ్యాపారులకి ముద్రా రుణాలు 2015 నుంచి ఇస్తున్నారు. తోపుడు బళ్ల వాళ్లకి 2020లో స్వనిధి అప్పు 10,000 రూపాయలతో మొదలైంది. 2021 జులైలో చిల్లర, హోల్‌సేల్ వర్తకుల్ని ఎంఎస్ఎంఈల్లో, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో చేర్చారని సంబరపడ్డారు గానీ, ఆ చేర్పు బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. పరిశ్రమకిచ్చే రాయితీలు కిరాణా కొట్టుకి రాలేదు. నా దృష్టిలో లోపం ఇక్కడే ఉంది. సాయం వ్యాపారికి అప్పు రూపంలో అందుతోంది, అతను కూర్చునే కట్టడాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. కారుతున్న కప్పు కింద సరుకు పెంచుకోమని అప్పిస్తే ఏం లాభం?

అమెరికాలో ఆదాయం తెచ్చే చారిత్రక కట్టడాన్ని బాగు చేయిస్తే ఖర్చులో 20 శాతాన్ని కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. అంత దూరం వద్దనుకుంటే అహ్మదాబాద్ ఉంది. అక్కడి పాతనగరంలో వారసత్వ కట్టడాన్ని నిలబెట్టుకున్న యజమాని, దాని మీద కట్టుకోని అంతస్తుల హక్కును టీడీఆర్‌గా, అంటే వేరేచోట కట్టుకునేవాళ్లకి బదిలీ చేసే నిర్మాణ హక్కుగా అమ్ముకుని, ఆ డబ్బుతో మరమ్మతు చేయించుకోవచ్చు. మన దగ్గర టీడీఆర్ బాండు అనగానే రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ల చేతిలో పెట్టే కాగితమే గుర్తొస్తుంది.