మహా ఏకీకృత సిద్ధాంతంలో గురుత్వాకర్షణ ఎందుకు లేదు?

నాచారం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది: "మహా ఏకీకృత సిద్ధాంతం అంటే ప్రకృతిలోని నాలుగు బలాలనూ కలిపేదే కదా సార్? మరి అందులో గురుత్వాకర్షణ లేదని మా లెక్చరర్ అన్నారేంటి?"

లెక్చరర్ చెప్పిందే నిజం. మన పత్రికల్లో, టీవీ చర్చల్లో ఈ పేరు దేనికి పడితే దానికి తగిలించేస్తున్నారు. ఐన్‌స్టీన్ 1955లో చనిపోయేదాకా వెతికింది ఏకీకృత క్షేత్ర సిద్ధాంతం. గురుత్వాన్నీ విద్యుదయస్కాంతాన్నీ కలపాలన్నది ఆయన పట్టుదల. కణాలన్నీ అతి చిన్న తంత్రుల కంపనాలేననే స్ట్రింగ్ సిద్ధాంతం నాలుగింటినీ కలపాలని చూస్తుంది. మహా ఏకీకృతం అన్నప్పుడు మాత్రం విద్యుదయస్కాంత, దుర్బల (కొన్ని రకాల రేడియోధార్మికతకు కారణమైనది), ప్రబల (పరమాణు కేంద్రకాన్ని పట్టి ఉంచేది) బలాలు మూడే. ఇదొక సిద్ధాంతాల కుటుంబం. అందులో బాగా పేరు పడినది 1974లో జార్జై, గ్లాషో ప్రతిపాదించిన ఎస్‌యు(5). ప్రోటాన్ లోపలుండే క్వార్కులనూ ఎలక్ట్రాన్లనూ ఒకే గూటికి చేర్చాలన్న ఆలోచనలో, మన ఒడిశాలో పుట్టిన జోగేశ్ పతి, పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్‌తో కలిసి అదే కాలంలో ముందున్నారు.

ఇంటర్ ఫిజిక్స్ మొదటి పాఠంలో మనలో చాలామంది ఒక పట్టిక చదివాం. ప్రబల బలం 1 అయితే విద్యుదయస్కాంతం 10⁻², దుర్బలం 10⁻¹³, గురుత్వం 10⁻³⁹. ఎంసెట్ కోసం దాన్ని బట్టీ పట్టించేవారు. ఆ అంకెలు ఎంత దూరం నుంచి, ఏ శక్తితో చూస్తే వచ్చాయో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. నాకు బాధ కలిగించేది అదే. మహా ఏకీకరణ కథంతా ఆ చెప్పని మాటలోనే ఉంది: చూసే శక్తిని బట్టి బలాలు మారుతాయి, చాలా ఎక్కువ శక్తి దగ్గర మూడూ ఒకటవ్వాలి.

డిసెంబరు తెల్లవారుజామున గండిపేట వైపు వెళ్తే పొగమంచులో దూరపు వీధిదీపం మసగ్గా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ మధ్యలో మంచు తగ్గి వెలుగు పెరుగుతుంది. ఎలక్ట్రాన్ ఆవేశం తీరు ఇదే. శూన్యం అనుకునే చోట కూడా ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్ జోడీ) జంటలు పుట్టి మాయమవుతుంటాయి. వాటిలో పాజిట్రాన్లు అసలు ఎలక్ట్రాన్ వైపు కాస్త ఒరిగి దాని ఆవేశాన్ని కొంత కప్పేస్తాయి. ఎక్కువ శక్తితో ఢీకొట్టడమంటే ఆ మంచును చీల్చుకుని లోపలికి వెళ్లడం. దూరం నుంచి 1/137 ఉండే విద్యుదయస్కాంత బలం 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర సుమారు 1/128కి పెరుగుతుంది. కొలిచి చూసిన సంగతే ఇది.

ఇప్పుడు మంచు బిందువులే వెలుగుతున్నాయనుకోండి. దూరానికి దీపమూ మంచూ కలిసి పెద్ద వెలుగు. లోపలికి నడిస్తే వెలిగే మంచు చాలావరకు మన వెనక్కి పోతుంది, ఎదురుగా మిగిలేది చిన్న దీపం. ప్రబల బలం ఇలా ఉంటుంది. ఫోటాన్‌కు విద్యుదావేశం లేదు, కానీ ప్రబల బలాన్ని మోసే గ్లూయాన్లకు తమ సొంత ‘రంగు’ ఆవేశం ఉంది. క్వార్కు చుట్టూ ముసిరిన గ్లూయాన్లే ఆ వెలిగే మంచు. క్వార్కు జంటలు మామూలు మంచులా కొంత కప్పినా చివరికి గ్లూయాన్లదే పైచేయి. గ్రాస్, విల్‌చెక్, పొలిట్జర్ 1973లో ఈ లెక్క కట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. దుర్బల బలమూ అదే దారిలో తగ్గుతుంది, కాకపోతే నెమ్మదిగా.

ఆ 91 దగ్గర మూడు బలాల విలోమాలు సుమారు 59, 30, 8.5. మొదటిది నేరుగా విద్యుదయస్కాంతానిది కాదు. ఎక్కువ శక్తి దగ్గర దాని స్థానంలో లెక్కకొచ్చే హైపర్‌చార్జ్ అనే బలాన్ని 5/3 గుణకంతో సర్దగా వచ్చినది. శక్తి లాగరిథమ్‌తో గీస్తే మూడూ దాదాపు సరళరేఖలు. మొదటిది దిగుతుంది, మిగతా రెండూ ఎక్కుతాయి. 10¹³, 10¹⁷ గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఒకదాన్నొకటి దాటుకుంటాయి, కానీ ఒకే బిందువులో కాదు, చిన్న త్రిభుజం మిగులుతుంది. సూపర్‌సిమెట్రీ కణాలను (తెలిసిన ప్రతి కణానికీ ఉంటుందని ఊహించిన జోడీ కణాలు) లెక్కలో చేర్చితే 2×10¹⁶ దగ్గర చక్కగా కలుస్తాయి. 1991లో యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్ కొలతలతో ఇది తేలినప్పుడు ఎంతోమందికి ఆశ పుట్టింది. ఆ కణాలు మాత్రం ఇప్పటికీ కనిపించలేదు.

గురుత్వం సంగతికొస్తే, అంత శక్తి దగ్గర కూడా దాని బలం పది లక్షల్లో కొన్ని వంతులే. అది మిగతావాటికి సమానంగా లేచేది 10¹⁹ దగ్గర. అందుకే దాన్ని పక్కన పెట్టినా ఈ లెక్క చెడదు.

"అంతా ఒక్కటేనని మన ఋషులు ఎప్పుడో చెప్పారు, ఇప్పుడు సైన్స్ ఒప్పుకుంది" అనే మాట తరచూ వింటుంటాను. అద్వైతం గొప్ప దర్శనమే, కానీ దాన్ని ఇక్కడికి లాగితే రెండింటికీ అన్యాయం. ఏ శక్తి దగ్గర ఒకటవుతాయో ఈ సిద్ధాంతాలు అంకెల్లో చెప్పాలి, ఆ అంకె తప్పితే పోవాలి. ఎస్‌యు(5) అలాగే పోయింది. క్వార్కులూ ఎలక్ట్రాన్లూ ఒకే గూటివైతే ఒకటి మరొకటిగా మారగలదు, అంటే ప్రోటాన్ కూడా ఎప్పుడో ఒకప్పుడు క్షయమవ్వాలి. ఎస్‌యు(5) దానికిచ్చిన ఆయుష్షు 10³¹ ఏళ్లకు మించదు. కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున మన టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్ వాళ్లు 1980ల మొదట్లో దీనికోసం కాపలా కాశారు. ప్రోటాన్ క్షయం కావచ్చంటూ కొన్ని ఘటనలు ప్రకటించారు, తర్వాతి పెద్ద ప్రయోగాల్లో అవి నిలబడలేదు. జపాన్‌లోని సూపర్ కామియోకాండే 22,500 టన్నుల నీటిలో 7.5×10³³ ప్రోటాన్లను ఏళ్ల తరబడి గమనించింది. పాజిట్రాన్, పయాన్ అనే తేలికపాటి కణంగా విడిపోయే దారిలో ప్రోటాన్ ఆయుష్షు 2×10³⁴ ఏళ్లకు పైనే ఉండాలని తేల్చింది. ఎస్‌ఓ(10) లాంటి సిద్ధాంతాలు ఇంకా ఎక్కువ ఆయుష్షు ఇస్తాయి కాబట్టి ఇంకా బతికే ఉన్నాయి. వాటిని పరీక్షించడానికి సూపర్ కామియోకాండేకు ఎనిమిది రెట్ల నీటితో హైపర్ కామియోకాండే కడుతున్నారు.