నల్లా ముందొచ్చింది, కాలువ వెనకబడింది

ఊరి మురుగునీటిని ఎటు మళ్లించాలన్న తగాదా మళ్లీ రచ్చకెక్కింది. కాలువ చివర్లో ఒక శుద్ధి కుంట తవ్వితే సరిపోతుందని పంచాయతీలు అంటుంటే, మా ఇళ్ల పక్కన వద్దని ఆ చివర్లో ఉండేవాళ్లు అడ్డం పడుతున్నారు. మరుగుదొడ్ల ఉద్యమం, పల్లెల్లో బహిరంగ మలవిసర్జన పోయిందన్న 2019 అక్టోబరు 2 ప్రకటన అందరికీ తెలిసినవే. ఇప్పటి గొడవకు మూలం అక్కడ లేదు, ఇంటింటికీ వచ్చిన నల్లాలో ఉంది.

బోరింగ్ దగ్గర్నుంచి బిందెలు మోసిన రోజుల్లో నీళ్లను పొదుపుగా వాడేవాళ్లు. స్నానాల నీళ్లు పెరట్లో అరటి మొదట్లోకి పోయేవి. 2016 ఆగస్టు 7న కోమటిబండలో మొదలైన తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం 55 లీటర్లు. అప్పటికి దేశంలో 3.23 కోట్ల గ్రామీణ ఇళ్లకే నల్లా ఉండేది, 2025కల్లా ఆ లెక్క 15 కోట్లు దాటింది. ఆడవాళ్ల నడుముల మీది బరువు దించిన పని అది, దాన్ని తక్కువ చేయలేం. కానీ ఇంట్లోకి వచ్చిన నీళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి బయటికే పోతాయి. 3,000 జనాభా ఉన్న ఊళ్లో 55 లీటర్ల లెక్కనే చూసినా రోజుకు లక్షా పదివేల లీటర్లు. పైపులు వేసినప్పుడే కాలువ సంగతీ తేల్చి ఉండాల్సింది. దాన్ని వేరే పథకానికి వదిలేశారు.

ఆ వేరే పథకం 2020లో వచ్చిన స్వచ్ఛ భారత్ రెండో దశ. మురుగునీటి పనులకు 5,000 జనాభా వరకు ఉన్న ఊళ్లో తలకు 280 రూపాయల దాకా, అంతకు మించితే 660 దాకా ఇస్తామంది. మన 3,000 మంది ఊరికి ఆ లెక్కన మించితే 8.40 లక్షలు. శుద్ధి ఏర్పాటు ఎంత చిన్నదైతే తలసరి ఖర్చు అంత ఎక్కువ. ఇక్కడ చిన్న ఊరికే తక్కువ ఇచ్చారు.

చిన్న ఊళ్లలో పెరళ్లుంటాయి, ఇంకుడు గుంతలు చాలు, ఉపాధి హామీలో తవ్వుకోవచ్చు అన్నది అధికారుల వాదన. ఎర్రనేలల్లో అది నిజమే. నల్లరేగడిలో నీళ్లు ఇంకవు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లకు పెరడే లేదు.

అందుకే నీళ్లన్నీ సీసీ రోడ్డు పక్క కాలువలోకి వస్తాయి. ఆ కాలువ ఎక్కడ ఆగుతుందో ఒకసారి వెళ్లి చూడాలి. చివరి సిమెంటు పలక దాటగానే బూడిదరంగు నీళ్లు, సబ్బు నురగ, మెతుకులు, షాంపూ ప్యాకెట్లు మట్టిలోకి పరుచుకుంటాయి. పక్కనే గుమ్మం. చాలా ఊళ్లలో ఆ పల్లపు చివర ఉండేది దళితవాడే. వాళ్లకు కుంట మీద కోపం లేదు. మీటరు, మీటరున్నర లోతులో ఎండ, నాచు, సూక్ష్మజీవులు కలిసి మురుగును శుభ్రం చేస్తాయని చెబితే వింటారు. జాలీలో ఇరుక్కున్న చెత్తను రోజూ ఎవరు తీస్తారు, గట్టు మీద గడ్డి ఎవరు కోస్తారు, నాలుగేళ్లకో అయిదేళ్లకో పూడిక తీయించే డబ్బు ఎక్కడిది అని అడుగుతారు. వదిలేసిన కుంట దోమల గుంటగా మారడం వాళ్లు చూసినదే. దీన్ని మొండితనం అనడం అన్యాయం.

నిర్వహణ పంచాయతీ బాధ్యతేనని పథకం చెబుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టివేసింది, అందులో సగం పారిశుధ్యానిది. కార్మికుల జీతాలు, చెత్త బండి, బ్లీచింగ్ పోగా కుంట దాకా ఏం మిగులుతుందో ఏ కార్యదర్శినైనా అడగొచ్చు. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో జల్ జీవన్ మిషన్‌ను 2028 వరకు పొడిగించారు. అంటే ఇంకా నల్లాలు వస్తాయి, కాలువలో నీళ్లూ పెరుగుతాయి. కుంటకు స్థలం ఇచ్చే ముందు పూడికతీత ఖర్చు ఏ పద్దులోంచి వస్తుందో గ్రామసభ తీర్మానంలో రాసివ్వమని చివరి వాడవాళ్లు అడుగుతున్నారు.