మృగవని పక్కన వెంచర్ వేస్తే: అపోహలు - వాస్తవాలు

వన్యప్రాణుల సర్వేలు చేయడం నా పని. అడవి పక్కన కొత్త లేఅవుట్ వస్తోందంటే ఊరివాళ్లు, కాలనీ సంఘాలవాళ్లు అభ్యంతర పత్రం రాయడంలో సాయం అడుగుతుంటారు. హైదరాబాద్ శివార్లలో, చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానం చుట్టుపక్కల ఎక్కువగా తిరిగాను. పచ్చటి నేల పోతోందన్న వాళ్ల బాధ నిజం. కానీ తప్పు పాయింటు పట్టుకుని రాస్తే ఆ కాగితం మొదటి పేజీతోనే వీగిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పార్కుకు 10 కిలోమీటర్ల లోపు ఇల్లు కట్టడం చట్టవిరుద్ధం.

వాస్తవం: అలాంటి నిషేధం లేదు. మొయినాబాద్ వైపు ఈ మాట బలంగా పాతుకుపోవడానికి కారణం రెండు వేర్వేరు '10 కిలోమీటర్లు' కలిసిపోవడమే. మొదటిది 1996 మార్చిలో వచ్చిన జీవో 111. అది ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం, వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధికి ఇచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద నివాస కాలనీలను, కాలుష్య పరిశ్రమలను ఆపింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఇచ్చారు. రెండోది వన్యప్రాణులది. పర్యావరణ అనుమతి కావాల్సిన ప్రాజెక్టు రక్షిత ప్రాంతానికి దగ్గర్లో ఉండి, అక్కడ ఎకో సెన్సిటివ్ జోన్ (రక్షిత ప్రాంతం చుట్టూ కొన్ని పనులకు ఆంక్షలుండే మేర) ఇంకా ఖరారు కాకపోతే 10 కిలోమీటర్ల వరకు జాతీయ వన్యప్రాణి మండలి పరిశీలనకు వెళ్లాలి. పరిశీలన అంటే నిషేధం కాదు. జీవో 111 ఆంక్షలు పోయినా ఈ పరిశీలన పోదు.

జోన్ ఖరారైతే ఆ నోటిఫికేషన్‌లో ఉన్నదే హద్దు. హైదరాబాద్ నగరంలోనే ఉన్న కేబీఆర్ జాతీయ ఉద్యానానికి 2020లో ఇచ్చిన జోన్ ఎంతో తెలుసా? కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు! కనీసం కిలోమీటరు ఉండాలని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అన్నది. 2023 ఏప్రిల్‌లో ఆ ఆదేశాన్ని సడలించి, గనుల తవ్వకాలపై మాత్రం కిలోమీటరు నిషేధాన్ని ఉంచింది. కాబట్టి జోన్ ముసాయిదా నోటిఫికేషన్ వచ్చినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చే 60 రోజులు ఎంత విలువైనవో ఆలోచించండి. ఆ రెండు నెలలూ ఎవరూ పట్టించుకోరు. వెంచర్ బోర్డు పాతాక పరుగులు పెడతారు.

అపోహ: అది ఉత్త బీడు. చెట్లే లేనప్పుడు పోయేదేముంది?

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇదే. ఒక ఏప్రిల్‌లో అలాంటి 'బీడు'లోనే నడుస్తున్నాను. లేఅవుట్ రోడ్డుకు అప్పుడే సున్నం గీత కొట్టారు. తీతువు పిట్ట ఒకటి నా తలమీదుగా అరుస్తూ తిరుగుతోంది. ఉన్నచోటే ఆగిపోయాను. గీతకు జానెడు దూరంలో, గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో నాలుగు గుడ్లు. రాళ్ల రంగే, రాళ్ల మచ్చలే. ఇంకో అడుగు వేసుంటే తొక్కేసేవాణ్ని. తీతువు చెట్టెక్కి గూడు కట్టదు, దానికి ఈ నేలే కావాలి. వెంచర్‌లో కోనోకార్పస్ నాటి 'గ్రీన్ లివింగ్' అని బోర్డు పెడితే ఆ నేల తిరిగిరాదు.

అపోహ: పార్కుకు కంచె ఉంది, బయట ఏం కట్టినా లోపలి జంతువులకు ఏమీ కాదు.

వాస్తవం: మృగవని వైశాల్యం దాదాపు 3.6 చదరపు కిలోమీటర్లే. నట్టనడుమ నిలబడినా ఏదో ఒక అంచు కిలోమీటరు దూరంలోనే ఉంటుంది. లైట్లు, డీజే మోత కంచె దగ్గర ఆగవు. కాలనీ చెత్త వెంట వీధికుక్కలు వస్తాయి, కంచెలో కంత దొరికితే గుంపుగా లోపలికి దూరి చుక్కల జింకలను తరుముతాయి.

అపోహ: పబ్లిక్ హియరింగ్ పెడతారుగా, అప్పుడు గట్టిగా మాట్లాడదాం.

వాస్తవం: పెట్టరు. పర్యావరణ ప్రభావ మదింపుపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి. కానీ భవన నిర్మాణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో ఉంటుంది. దాన్ని మీరే వెతికి, రాష్ట్ర స్థాయి మదింపు కమిటీకి రాతపూర్వకంగా పంపాలి. ఆ పరిమితి తప్పించుకోవడానికి ఒకే స్థలాన్ని ముక్కలు చేసి విడివిడిగా దరఖాస్తు పెట్టారేమో కూడా చూడండి.

అపోహ: వెయ్యి సంతకాలు పెడితే ఆగిపోతుంది.

వాస్తవం: సంతకాలు మంచివే. కానీ అధికారి జవాబు చెప్పి తీరాల్సింది సర్వే నంబరుకు, తేదీ ఉన్న ఫొటోకు, కొలతకు. పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి ఎంత దూరమో కొలవండి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. చాలాసార్లు దరఖాస్తులోని మ్యాపులో ఆ చెరువే ఉండదు.

అపోహ: అనుమతి వచ్చేసింది, ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: పర్యావరణ అనుమతి మీద 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయొచ్చు. మనకు చెన్నై బెంచ్. సరైన కారణం చూపిస్తే మరో 60 రోజుల వరకు అనుమతిస్తారు, ఆ తర్వాత తలుపు మూసుకున్నట్టే. అందుకే అనుమతి పత్రం పోర్టల్‌లో కనిపించిన రోజే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.