స్ట్రాబెర్రీకి పీకల దాకా మట్టి పోయకండి

డిసెంబరు వచ్చిందంటే నా వాట్సాప్ నిండా వాలిపోయిన స్ట్రాబెర్రీ మొక్కలే. ఫొటో కింద ఒకటే ప్రశ్న: "ఏం తెగులండీ, ఏ మందు కొట్టాలి?" నేను మందు పేరు చెప్పను. మొక్క మొదలు దగ్గర మట్టి తీసి ఇంకో ఫొటో పెట్టమంటాను. చాలాసార్లు జవాబు ఆ రెండో ఫొటోలోనే ఉంటుంది.

అపోహ: లోతుగా నాటితే మొక్క గట్టిగా నిలబడుతుంది.

ఇది టమాటా నేర్పిన అలవాటు. టమాటా నారును సగం దాకా పాతినా కాండం నుంచే కొత్త వేళ్లు వేస్తుంది. వంగకు, మిరపకు మట్టి ఎగదోస్తాం. స్ట్రాబెర్రీకి ఉన్న కాండమల్లా బొటనవేలంత క్రౌన్. కొత్త ఆకైనా, పూతైనా అక్కడి నుంచే రావాలి. దాన్ని తడిమట్టిలో కప్పేస్తే కుళ్లుతుంది, మొక్క వాలుతుంది. మనం నీళ్లు చాలలేదనుకుని ఇంకో చెంబు పోస్తాం. ఇక అయిపోయినట్టే.

నేనూ చంపినవాణ్ణే. మొదటి ఏడాది మహాబలేశ్వర్ నుంచి వింటర్ డాన్ అనే రకం నారు తెప్పించి, మిద్దె మీద గ్రో బ్యాగుల్లో 20 మొక్కలు పెట్టాను. నాటినప్పుడు క్రౌన్ పైకే ఉంది. రోజూ ధారగా నీళ్లు పోస్తుంటే బ్యాగులో వేసిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కుంగి, చుట్టూ ఉన్న మట్టి చిగురు మీదికి చేరింది. అది చాలదన్నట్టు మా అమ్మ "మొదలు బయటపడుతోందిరా" అంటూ తలా గుప్పెడు వర్మీకంపోస్టు వేసింది. సంక్రాంతికి మిగిలినవి మూడు. చచ్చినదాన్ని నిలువునా కోసి చూస్తే, తెల్లగా ఉండాల్సిన క్రౌన్ గోధుమరంగులో మెత్తబడి ఉంది. అమ్మను ఏమీ అనలేదు. ఆ నారుకు డబ్బులిచ్చింది తనే.

క్రౌన్ సగం మట్టిలో, సగం పైన ఉండాలి. మరీ పైకి లేస్తే వేళ్లు ఎండుతాయి. నాటిన నాలుగు రోజులకు మళ్లీ చూడండి. కుంగి ఉంటే వేళ్లతో సహా కాస్త లేపి సర్దండి. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరాకే, కుండీ అంచువైపు నీళ్లు పోయండి. ఇప్పటికే కప్పేసినవాళ్లు టెన్షన్ పడకండి. మట్టి తీశాక నడి చిగురు పచ్చగా కనిపిస్తే చాలావరకు బతుకుతుంది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. నీలం స్ట్రాబెర్రీ గింజలంటూ అమ్ముతారే, అలాంటి పండే లేదు. ఆ ఫొటోకు రంగు పూసినవాడికో దండం. రన్నర్ మొక్కలు, అంటే తల్లి మొక్క తీగకు వేళ్లూనిన పిల్ల మొక్కలు, కొనుక్కోండి.

పండు ఒకవైపు ముడుచుకుపోతే వైరస్ అని పీకేయకండి. పైన కనిపించే ఒక్కో గింజ దగ్గరా విడిగా పరాగసంపర్కం జరగాలి, జరగని చోట కండ ఉబ్బదు. ఎనిమిదో అంతస్తుకు తేనెటీగ రాకపోతే మెత్తటి బ్రష్‌తో పువ్వు మధ్యలో తిప్పండి.

కోసి పెడితే మగ్గడానికి ఇది అరటి కాదు. రంగు మారొచ్చేమో గానీ తీపి పెరగదు.

ఆకుల అంచులు మాడుతుంటే ముందు బోరు నీళ్లలోని ఉప్పును అనుమానించండి.

"లంబసింగిలో పండుతోందిగా, మా ఇంట్లో ఏడాదంతా ఎందుకు కాయదు?" అని ఇంకొందరు. లంబసింగిలోనూ అది చలికాలపు పంటే. మన మిద్దెల మీద అక్టోబరు, నవంబరుల్లో నాటితే మార్చి దాకా కాస్తుంది. ఏప్రిల్లో పూత ఆగిందంటే ఎండ దెబ్బ, దానికి మందు లేదు. ఓపిక ఉంటే నీడలో పెట్టి కాపాడుకోండి. నాకు లేదు. ఆ బ్యాగుల్లో తోటకూర చల్లేస్తాను.